ధర్మశాస్త్రం చదివి నడుచుకోవాలనుకునేవాళ్లకు ఏ తెలుగు బైబిల్? ఓవీ రిఫరెన్స్ బైబిల్ రివ్యూ

తిరుపతిలోనో చిత్తూరులోనో క్రైస్తవ పుస్తకాల షాపుకు వెళ్తే నల్ల అట్టల బైబిళ్లు వరుసగా పేర్చి ఉంటాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కొనేవాళ్లు ఎక్కువమంది అట్టా, జిప్పూ, బంగారు అంచూ చూసి తీసుకుంటారు. మేం ఇక్కడ చూసింది వేరు. ధర్మశాస్త్రం, అంటే మోషే ద్వారా వచ్చిన దేవుని ఆజ్ఞలు చదివి, ఆదివారం పోగా మిగిలిన ఆరు రోజులూ వాటి ప్రకారం బతకాలనుకునే విశ్వాసికి ఏ ముద్రణ పనికొస్తుంది? మా జవాబు ముందే చెప్పేస్తాం: బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసే పాత అనువాదం, అంటే అందరూ ఓవీ (ఓల్డ్ వెర్షన్) అనేది, అందులోనూ రిఫరెన్సులున్న ముద్రణ, అంటే ఒక వచనానికి సంబంధించిన వేరే వచనాలు ఎక్కడున్నాయో చిన్న అక్షరాల్లో చూపించేది. దీనికి లోపాలున్నాయి, వాటినీ చెబుతాం. కానీ ఈ పనికి దీని తర్వాతే ఇంకేదైనా.

కారణం రిఫరెన్సులే. ధర్మశాస్త్రం ఒక్కచోట కుదురుగా లేదు. పది ఆజ్ఞలు నిర్గమకాండం 20లో ఉన్నాయి, మళ్లీ ద్వితీయోపదేశకాండం 5లో వస్తాయి. వాటిని ఇంట్లో, పొలంలో, అంగట్లో ఎలా పాటించాలో చెప్పే వివరాలు నిర్గమ 21 నుంచి 23 వరకు, లేవీయకాండం 19లో, ద్వితీయోపదేశకాండం 22 నుంచి 25 వరకు విడివిడిగా పరుచుకుని ఉన్నాయి. యేసు ప్రభువు వాటిని హృదయం దాకా తీసుకెళ్లింది మత్తయి 5లో. పౌలు వాటిని సంఘ జీవితానికి అన్వయించింది రోమా 13లో, ఎఫెసీ 4 నుంచి 6 వరకు. రిఫరెన్సులు లేని బైబిల్‌లో వీటన్నిటినీ కలిపి చదవాలంటే జ్ఞాపకం మీదే ఆధారపడాలి. రిఫరెన్సులుంటే ఒక వచనం దగ్గర మొదలుపెట్టి వేలుతో వెతుక్కుంటూ వెళ్లొచ్చు.

ఎనిమిదో ఆజ్ఞనే తీసుకోండి: దొంగిలకూడదు. చాలామంది ఇక్కడ ఒక్క క్షణం కూడా ఆగరు, మేం దొంగలం కాదు కదా అనుకుని ముందుకెళ్లిపోతారు. కొంచెం ముందుకెళ్తే నిర్గమ 22:1 వస్తుంది. గొర్రెను దొంగిలించి అమ్మినా చంపినా ఒకదానికి నాలుగు, ఎద్దుకైతే అయిదు ఇవ్వాలి. అక్కడినుంచి లూకా 19:8కి వెళ్తే పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానంటాడు. ఆ నాలుగు ఎక్కడిదో అప్పుడు తెలుస్తుంది. ఇంకో దారి లేవీయకాండం 6:1-7. అప్పగించిన సొమ్ము ఎగ్గొట్టినవాడు, దొరికిన వస్తువు గురించి అబద్ధమాడినవాడు తానే తప్పు ఒప్పుకుంటే అసలు మొత్తం, దానిమీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. అంటే అయిదు వేలు నొక్కేసినవాడు ఆరు వేలు ఇవ్వాలి. అక్కడే ఇంకో సంగతి ఉంది: ఆ డబ్బు సొంతదారుడికి ఇచ్చాకే బలి. మత్తయి 5:23-24లోనూ ఇదే క్రమం: ముందు సహోదరుడితో సమాధానం, తర్వాత బలిపీఠం. సంఖ్యాకాండం 5:8 ఇంకా ముందుకెళ్లి, తీసుకోవలసిన మనిషీ లేక, అతని దగ్గరి బంధువూ లేకపోతే ఏం చేయాలో చెబుతుంది.

మన సంఘాల్లో సరిగ్గా ఇక్కడే దారి తప్పుతుంది. ఒకరికి బాకీపడ్డ సొమ్మును కానుకల పెట్టెలో వేసి, దేవునికి ఇచ్చేశాం కదా అని ఊరట పడతారు. ధర్మశాస్త్రం అలా ఒప్పుకోదు. నష్టపోయిన మనిషి చేతికే డబ్బు వెళ్లాలి, అతను లేకపోతే వారసులకు. పాల కేంద్రానికి పోసే పాలలో నీళ్లు కలపడం, మామిడి మండీలో ఒప్పుకున్నదానికి మించి తరుగు తీయడం, కూలీ డబ్బులు రేపు మాపు అని తిప్పడం, ఇవన్నీ లేవీయకాండం 19లోనే ఉన్నాయి. 13వ వచనం కూలివాని కూలిని రాత్రి దాటి ఉంచుకోవద్దంటుంది. 35, 36 వచనాలు త్రాసుల గురించి, కొలతల గురించి. ఎఫెసీ 4:28 దగ్గరికి వచ్చేసరికి ఆజ్ఞ పూర్తిగా తిరగబడుతుంది. దొంగిలించేవాడు మానేస్తే సరిపోదు, తన చేతులతో కష్టపడి అక్కరలో ఉన్నవాడికి పంచాలి. ఒక్క ఆజ్ఞకు ఇంత దూరం తీసుకెళ్లే పుస్తకం చేతిలో ఉంటే, ఆజ్ఞలు వల్లించడం వేరు, లోబడడం వేరు అని ఎవరూ చెప్పనక్కర్లేదు.

షాపులో కొనేముందు చూసుకోవలసినవి కొన్ని. పుస్తకాన్ని ఆదికాండం మొదటి పేజీల దగ్గర తెరిచి బల్లమీద పెట్టండి. తనంతట తాను మూసుకుపోతుంటే, వెన్ను దగ్గర దారం కుట్టు లేకుండా జిగురు మాత్రమే కనిపిస్తుంటే పక్కన పెట్టండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంచితే ఆ జిగురు మెత్తబడి పేజీలు కట్టలుగా ఊడిరావచ్చు. తర్వాత లేవీయకాండం 19 తెరిచి, వెనక పేజీ అక్షరాలు ఎంతగా ఇటు కనిపిస్తున్నాయో ట్యూబ్‌లైట్ కింద చూడండి. బైబిల్ కాగితం పల్చగానే ఉంటుంది, కొంత కనిపించడం సహజం. కానీ వత్తులు, దీర్ఘాలు తికమక పెట్టేంతగా ఉంటే రాత్రిపూట చదవలేరు. రిఫరెన్సుల అక్షరం అసలు వచనంకంటే చాలా చిన్నది. నలభై దాటినవాళ్లు కళ్లద్దాలు పెట్టుకునే పరీక్షించుకోవాలి. పేజీల అంచున పుస్తకాల పేర్లతో మెట్లు కోసిన (థంబ్ ఇండెక్స్) ముద్రణ దొరికితే తీసుకోండి, పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య తిరిగేటప్పుడు చాలా సమయం కలిసొస్తుంది. రిబ్బన్ ఒకటే ఉంటే ఇంకోటి అతికించుకోండి: ఒకటి నిర్గమ 20 దగ్గర, ఒకటి మత్తయి 5 దగ్గర. గీతలకు జెల్ పెన్ను వద్దు, అవతలి పేజీకి దిగిపోతుంది. పెన్సిలే మేలు.

ఇక ఇతర ముద్రణలు. వాడుక భాషలో వచ్చిన పవిత్ర బైబిల్, ఈమధ్య వచ్చిన ఐఆర్‌వీ (ఇండియన్ రివైజ్డ్ వెర్షన్), రెండూ చదవడానికి సులువు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఓవీ గ్రాంథికం కష్టమే, అందులో సందేహం లేదు. వాళ్లకు యూవెర్షన్ యాప్‌లో ఈ అనువాదాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఓవీ పక్కన ఫోన్‌లో వాడుక భాష అనువాదం తెరిచి పెట్టుకుని చదవమనే చెబుతాం. కానీ కాగితం మీద ఓవీయే ఉండాలని మా పట్టు. మన ప్రాంతంలో ప్రసంగాలూ, కంఠస్థ వాక్యాలూ, పాటలూ ఆ భాషలోనే ఉన్నాయి. కంఠస్థం వచ్చిన వాక్యమే పొలంలోనూ ఆఫీసులోనూ అవసరానికి గుర్తొస్తుంది. ఎరుపు అక్షరాల ముద్రణలను మాత్రం ఈ పనికి మేం సిఫారసు చేయం. ప్రభువు మాటలు ఎర్రగా ఉండి మోషే మాటలు నల్లగా ఉంటే, చదివేవాళ్లు తెలియకుండానే రెండోదాన్ని తక్కువగా చూస్తారు. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదు, నెరవేర్చడానికే వచ్చానన్నది ప్రభువే.

ఓవీ ముద్రణలో మాకు కనిపించే పెద్ద లోపం: నిర్గమ 20లో వచనాలకు అంకెలున్నాయి గానీ ఆజ్ఞలకు లేవు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, మన దగ్గర కాదు. తిరుపతి చుట్టుపక్కల జర్మనీ నుంచి వచ్చిన హెర్మాన్స్‌బర్గ్ మిషనరీలు నాటిన లూథరన్ సంఘాలున్నాయి, కతోలిక సంఘాలున్నాయి. చిత్తూరు వైపు అమెరికా రిఫార్మ్‌డ్ సంఘపు ఆర్కాట్ మిషన్ పనిచేసింది. పెంతెకొస్తు, బ్రదరన్, స్వతంత్ర సంఘాలు వీధివీధికీ ఉన్నాయి. లూథరన్లకూ కతోలికులకూ విగ్రహాల సంగతి మొదటి ఆజ్ఞలో భాగం, ఆశింపకూడదన్నది రెండు ఆజ్ఞలు. మిగతావాళ్లకు విగ్రహాలది రెండో ఆజ్ఞ, ఆశ ఒకటే ఆజ్ఞ. ఫలితంగా 'ఆరో ఆజ్ఞ మీరాడు' అంటే ఒక సంఘంలో వ్యభిచారం, పక్క సంఘంలో నరహత్య. రెండు సంఘాల మధ్య పెళ్లి సంబంధం కలిసిన ఇంట్లో పిల్లలకు సండేస్కూలు పాఠం చెప్పేటప్పుడు ఈ గందరగోళం తప్పదు. ఉపాయం సులువే. మీ సంఘం లెక్క ప్రకారం మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకోండి. ఇతరులతో మాట్లాడేటప్పుడు మాత్రం అంకె చెప్పకుండా ఆజ్ఞే చెప్పండి. పైన దొంగతనాన్ని ఎనిమిదో ఆజ్ఞ అన్నాం, లూథరన్, కతోలిక లెక్కలో అది ఏడోది.

అంకెలు వేసేటప్పుడు రెండో వచనాన్ని దాటేయకండి. 'దాసుల గృహమైన ఐగుప్తు దేశములోనుండి నిన్ను వెలుపలికి రప్పించితిని' అన్నాకే మొదటి ఆజ్ఞ వస్తుంది. విడిపించడం ముందు, ఆజ్ఞ తర్వాత. ఇశ్రాయేలీయులు ఆజ్ఞలు పాటించి ఐగుప్తు నుంచి బయటపడలేదు, బయటపడ్డాక సీనాయి దగ్గరికొచ్చారు. ఈ వరుస తలకిందులైతే క్రైస్తవ జీవితమంతా తలకిందులే. ఇన్ని ఆదివారాలు మానకుండా వెళ్లాను, ఇంత దశమభాగం ఇచ్చాను, కాబట్టి దేవుడు నాకు బాకీ ఉన్నాడనే లెక్క అక్కడినుంచే పుడుతుంది. పిల్లవాడు పరీక్ష తప్పితే ఆ లెక్క కోపంగా మారుతుంది.

ఈ వరుసను రెండు సంప్రదాయాలు రెండు విధాలుగా నేర్పుతాయి. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథరు 1529లో రాసిన చిన్న కేటకిజం, అంటే ప్రశ్న జవాబుల బోధ పుస్తకం, పది ఆజ్ఞలతో మొదలై తర్వాత విశ్వాస ప్రమాణానికి వెళ్తుంది. ముందు ధర్మశాస్త్రం పాపాన్ని చూపించాలి, అప్పుడే సువార్త అవసరం తెలుస్తుంది. రోమా 3:20 చెప్పేదీ, గలతీ 3:24లో బాలశిక్షకుడు అన్నదీ ఇదే. రిఫార్మ్‌డ్ సంఘాలు వాడే 1563 నాటి హైడెల్‌బర్గ్ కేటకిజం ఆజ్ఞలను మూడో భాగంలో, రక్షణకు కృతజ్ఞత చూపించే చోట పెట్టింది. మా అభిప్రాయంలో ఒక విశ్వాసికి రెండూ కావాలి. బాప్తిస్మానికి సిద్ధపడేవాళ్లు మొదటి క్రమంలో చదవాలి, తీసుకున్నవాళ్లు రెండో క్రమంలో. 'మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు' అని యోహాను 14:15. అక్కడ ఆగిపోకండి, తర్వాతి వచనం ఆదరణకర్తను, అంటే పరిశుద్ధాత్మను, వాగ్దానం చేస్తుంది. లోబడే శక్తి మనలోనుంచి రాదు. యిర్మీయా 31:33, యెహెజ్కేలు 36:27, రోమా 8:3-4 మూడూ ఒకే చోట రాసిపెట్టుకుని ప్రతి ఆజ్ఞ తర్వాత చదవండి.

ఏ ఆజ్ఞ మనకు వర్తిస్తుంది, ఏది కాదు అన్నది ఈ బైబిల్ చెప్పదు, ముందుమాటలో కూడా సహాయం లేదు. సంఘంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది, ఆజ్ఞలను మూడు రకాలుగా చూడడం. బలులు, శుద్ధీకరణ, ఆహార నియమాలు క్రీస్తులో నెరవేరాయి: మార్కు 7:19, అపొస్తలుల కార్యములు 10, కొలస్సీ 2:16-17, హెబ్రీ 10. ఇశ్రాయేలు రాజ్యానికి ఇచ్చిన శిక్షలు ఆ రాజ్యంతోనే ఆగిపోయాయి, వాటి వెనకున్న న్యాయం ఆగలేదు. నైతిక ఆజ్ఞలు ఎప్పటికీ నిలుస్తాయి. రెండో రకాన్ని చాలామంది పూర్తిగా వదిలేస్తారు, మంచి పాఠాలు పోగొట్టుకునేది అక్కడే. ద్వితీయోపదేశకాండం 22:8 కొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టమంటుంది, ఎవరైనా పడితే ఇంటిమీదికి హత్యాదోషం వస్తుందంటుంది. మేడ మీద బట్టలు ఆరేసే, పిల్లలు గాలిపటాలు ఎగరేసే మన ఇళ్లకు ఇది నేరుగా వర్తిస్తుంది. నిర్గమ 21:33-34 గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేసినవాడు నష్టం కట్టాలంటుంది. చిత్తూరు పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని బోర్లు ఎన్నో. ఎండిన బోరుకు గట్టి మూత బిగించడం, మట్టితో పూడ్చడం నరహత్య చేయకూడదన్న ఆజ్ఞకు లోబడడమే. వదిలేసిన బోర్ల విషయంలో 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. గోనెసంచి కప్పి రాయి పెడితే ఆజ్ఞ నెరవేరినట్టు కాదు.

మామిడి తోటలున్నవాళ్లు లేవీయకాండం 19:9-10నూ ద్వితీయోపదేశకాండం 23:24-25నూ జంటగా చదవాలి. మొదటిది తోట యజమానిని పూర్తిగా ఏరుకోవద్దంటుంది, బీదలకు కొంత వదలాలి. రెండోది దారిన పోయేవాడికి కడుపునిండా తినే అనుమతి ఇస్తుంది, బుట్టలో వేసుకోవద్దంటుంది. వడ్డీ సంగతి నిర్గమ 22:25లో ఉంది, బీదవాడికి అప్పిస్తే వడ్డీ కట్టవద్దని. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు. సంఘంలోనే ఒకరికొకరు ఆస్పత్రి ఖర్చులకు ఆ వడ్డీకి ఇచ్చుకుంటూ పక్కపక్కన ప్రభురాత్రి భోజనపు బల్లకు రావడం ఈ వచనం ముందు నిలబడదు.

విశ్రాంతిదినం విషయంలో శనివారమా ఆదివారమా అన్న వాదన దగ్గరే అందరూ ఆగిపోతారు. రోమా 14:5 చదివి ఆ వాదన తగ్గించుకుని నిర్గమ 20:10 చదవండి. అక్కడ విశ్రాంతి యజమానికే కాదు, దాసుడికీ దాసికీ పశువులకూ పరదేశికీ. ఆదివారం ఆరాధనకు వెళ్తూ పనిమనిషిని మాత్రం బిర్యానీ వంటకు రమ్మనే ఇంట్లో సగం ఆజ్ఞే అమలవుతోంది. తిరుపతి శని, ఆదివారాల్లో యాత్రికుల రద్దీ ఎక్కువగా ఉండే ఊరు కాబట్టి, లాడ్జీల్లో, టాక్సీల్లో పనిచేసే విశ్వాసులకు ఆదివారం సెలవు దొరకదు. వాళ్లను తప్పుపట్టకుండా, వాళ్లకోసం వారం మధ్యలో ఆరాధన పెట్టడం సంఘం బాధ్యత. తల్లిదండ్రుల ఆజ్ఞకు మార్కు 7:9-13 తప్పక కలపాలి. అమ్మ మందులకు ఇవ్వవలసిన డబ్బును దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవాళ్లను ప్రభువు గట్టిగా గద్దించాడు.

తిరుపతిలో బతికే క్రైస్తవుడికి మొదటి ఆజ్ఞ రోజూ ఎదురవుతుంది. పొరుగువాళ్లు కొండ నుంచి వచ్చి లడ్డూ ఇస్తారు. విగ్రహాలకు అర్పించినవాటిని తినడం గురించి చెప్పే 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు రెండూ పూర్తిగా చదివే నిర్ణయానికి రావాలి. ఒక్క వచనం పట్టుకుని విసురుగా తిప్పికొట్టడం పొరుగువాడిని ప్రేమించమన్న ఆజ్ఞను మీరడమే. వద్దనుకుంటే నవ్వుతూ, మర్యాదగా చెప్పొచ్చు, వాళ్లు నొచ్చుకోరు. వాళ్ల దేవుళ్ల గురించి, ఆచారాల గురించి తెలియనివి కల్పించి చెప్పడం అబద్ధసాక్ష్యం కిందికే వస్తుంది. తిరుమలలో ఇతర మత ప్రచారం చట్టప్రకారం నిషేధం. రోమా 13:1 చదివేవాళ్లు కరపత్రాలు పట్టుకుని కొండెక్కకూడదు.

చదివే పద్ధతి కూడా చెబుతాం. వారానికి ఒక్క ఆజ్ఞ, అంతకంటే వద్దు. సోమవారం నిర్గమ 20లో ఆ వచనం కంఠస్థం చేయండి. మంగళ, బుధ వారాలు రిఫరెన్సులు పట్టుకుని పాత నిబంధన వివరాలు చదవండి. గురువారం ప్రభువు దాని గురించి ఏమన్నాడో చూడండి. శుక్రవారం రెండు ప్రశ్నలకు జవాబు రాయండి: ఇది ఏం మానమంటోంది, ఏం చేయమంటోంది? శనివారం ఒక పని చేయండి. పేరుపెట్టి, మొత్తంపెట్టి, తేదీపెట్టి రాసుకున్న పని అయ్యుండాలి. 'ఇకమీద ప్రేమగా ఉంటాను' అని రాస్తే ఆదివారానికి ఏమీ మిగలదు. 'కూలి బాకీ పన్నెండు వందలు, శనివారం సాయంత్రం లోపు' అని రాస్తే జరుగుతుంది. పది వారాలయ్యాక మళ్లీ మొదటికి రండి. మధ్యలో పడిపోతే 1 యోహాను 1:9 దగ్గర ఒప్పుకుని మళ్లీ లేవండి, వారాన్ని వదిలేయకండి. అదే పత్రికలో 5:3 'ఆయన ఆజ్ఞలు భారమైనవి కావు' అంటుంది. ఈ మాట నిజమని తెలిసేది మొదలుపెట్టాకే.

కన్ఫర్మేషన్ తరగతికో బాప్తిస్మపు తరగతికో మొత్తంగా కొంటుంటే అందరికీ ఒకే ముద్రణ, ఒకే సైజు తీసుకోండి, పేజీ నంబరు చెబితే అందరూ ఒకేసారి తెరవగలుగుతారు. వృద్ధులకు పెద్దక్షరాల బైబిల్ కావాలి, వాటిలో చాలావాటికి రిఫరెన్సులు ఉండవు. అలాంటప్పుడు పైన చెప్పిన వచనాలను ఒక కాగితం మీద పెద్దగా రాసి నిర్గమ 20 దగ్గర పెట్టి ఇవ్వండి. షాపులో డబ్బు కట్టేముందు నిర్గమ 22 తెరిచి, అక్కడ రిఫరెన్సులు ఉన్నాయో లేదో, వాటి అక్షరం మీ కళ్లకు ఆనుతోందో లేదో చూసే తీసుకోండి. అట్టమీద రాసి ఉన్నా సరే, లోపల చూడాల్సిందే.